మూడో ఫొటో

...ముందటి చీకటీ, తర్వాతి చీకటీ ఒకేలా ఉన్నప్పుడు, మధ్యలో వెలుగు వచ్చిందని ఎవరు చెప్పాలి? ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే రెండు చీకట్లూ అతుక్కుపోయి ఒకటే చీకటి అయిపోతాయి. మనిషి సంగతీ అంతేనేమో. పొద్దున లేచిన ముఖమూ, రాత్రి పడుకోబోయే ముఖమూ అద్దంలో ఒకేలా కనపడతాయి. నడుమ ఒక రోజు గడిచిందనడానికి సాక్ష్యం ఏది? అయితే ఇదంతా మెమోకి జవాబుగా రాయడానికి పనికిరాదు.

భావనారాయణ రాసింది కొట్టేసి మెమో మళ్ళీ చదివాడు.

"పట్టణ దినోత్సవ బాణసంచా పనికి సంబంధించి మీరు సమర్పించిన మూడు ఫొటోలలో మొదటిదానికిని మూడవదానికిని ఏ విధమైన తేడాయు కానరానందున, సదరు పని జరిగినదా లేదా, జరిగినచో ఏమైనది అను విషయమై వెంటనే సంజాయిషీ ఇవ్వవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

అతను గట్టుపేట పురపాలక సంఘంలో ఫొటోగ్రాఫరు. ఊళ్ళో పురపాలక సంఘం ఏ పని చేయించినా మూడు ఫొటోలు తీయాలి: పనికి ముందు, పని జరుగుతుండగా, పని పూర్తయ్యాక. ఈ నిబంధన రాకముందు గట్టుపేటలో చాలా కల్వర్టులు కాగితం మీదే ఉండేవి. వచ్చాక కనీసం ఫొటోలో ఉంటున్నాయి. మొదటి ఫొటోలో గొయ్యి, రెండో ఫొటోలో గొయ్యీ మనుషులూ, మూడో ఫొటోలో కల్వర్టు. ఊరంతా మూడేసి ముక్కలుగా భావనారాయణ కెమెరాలో నిలవ ఉంది. పెళ్ళి కాలేదు. మేడ మీద ఒంటిగది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. మురుగుకాలవల ముందూ వెనకా చూసుకుంటూనే అతని తల సగం నెరిసింది.

ఈ ఏడు పొదుపు కోసమని వేడుకల విభాగాన్ని ఇంజనీరింగ్ విభాగంలో కలిపేశారు. దాంతో పట్టణ దినోత్సవం నాడు ఏటి ఒడ్డున కాల్చే, అతను ఏటా ఫొటో తీసే తారాజువ్వలు కూడా పనుల జాబితాలోకి వచ్చాయి. అతను వాటికీ మూడు ఫొటోలు తీశాడు. మొదటిదానిలో ఏటి మీద నల్లటి ఆకాశం. రెండోదానిలో ఎర్రటి పువ్వు. మూడోదానిలో ఏటి మీద నల్లటి ఆకాశం. మంచి ఫొటోలే. రాత్రిపూట జువ్వల్ని పట్టుకోవడం అంత తేలిక కాదు. వెలుగు రాకముందే షట్టరు తెరవాలి, పువ్వు విచ్చుకుని రాలేదాకా తెరిచే ఉంచాలి, ఈలోగా కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన స్టాండుకి ఒక కాలు నిలవదు. అందుకని అతను కెమెరా వీపుకి నుదురు ఆనించి, కన్ను దాని కంతకి నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

చివరికి సంజాయిషీలో ఒకే ఒక్క వాక్యం రాశాడు: "మొదటి ఫొటోకూ మూడో ఫొటోకూ తేడా లేనిమాట నిజమే."

అది ఎంత ప్రమాదకరమైన వాక్యమో మర్నాడు కమిషనర్ గదిలో తెలిసింది.

కమిషనర్ దక్షిణామూర్తిగారు ఎవరి మనసూ నొప్పించని మనిషి. అందువల్ల ఎవరు ఏ అభ్యంతరం చెప్పినా దాన్ని ఒక కమిటీగా మార్చేవారు. ఆయనకి కుడివైపు ఆడిట్ అధికారిణి హైమవతిగారు కూర్చుంది. ఎడమవైపు ఇంజనీరు. ఎదురుగా గోడవారన జువ్వలు తయారుచేసిన మస్తాన్‌బీ, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కుర్చీ ఉన్నా నిలబడే ఉంది. ఊరి చివర తోటలో ఆమె మందుగుండు పాక. భర్త పోయాక ఆ పని తనే నడుపుతోంది. ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ పసుపూ నలుపూ కలిసిన రంగులో ఉంటాయి.

"నేను బాణసంచాకి వ్యతిరేకిని కానండి," అంది హైమవతిగారు. "నేను అడిగేది ఒక్కటే. రెండో ఫొటోలో ఉన్నది మూడో ఫొటోలో ఎందుకు లేదు?"

ఇంజనీరు గొంతు సవరించుకుని సాంకేతికంగా వివరించాడు. కల్వర్టు కూలినా శిథిలాలుంటాయి. ఇక్కడ శిథిలాలు కూడా లేవు. కాబట్టి కూలిపోవడం కన్నా ఎవరో తీసుకుపోవడమే ఎక్కువ సంభవం. కమిషనర్‌గారు ఆందోళనపడ్డారు. ఆకాశంలో ఆ భాగం పురపాలక సంఘం పరిధిలోకి వస్తుందా, నది మీద ఉంది కాబట్టి నీటిపారుదల వాళ్ళదా అన్నది ముందు తేల్చుకోవాలన్నారు. దొంగతనమైతే ఫిర్యాదు ఎవరి పేరున ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. చివరిసారిగా ఆ వస్తువు దగ్గర ఉన్నది ఎవరన్న ప్రశ్న కూడా వచ్చింది. అందరూ కాసేపు భావనారాయణ వైపు చూశారు.

మస్తాన్‌బీకి ఈ చర్చ మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె నెమ్మదిగా చెప్పింది.

"అదేటమ్మా. జువ్వ ఎగిరింది, పువ్వు పూసింది, రాలిపోయింది. ఇంకేటుంటదండి అక్కడ?"

"రాలిపోయిందని ఆవిడే ఒప్పుకుంటున్నారు," అని హైమవతిగారు రాసుకుంది.

దాంతో దొంగతనం పక్కకి పోయి నాణ్యత ముందుకొచ్చింది. ఇంజనీరు ఒప్పందం తీసి చదివాడు. పని పూర్తయిన నాటినుంచి రెండేళ్ళలోపు ఏ లోపం తలెత్తినా గుత్తేదారు సొంత ఖర్చుతో సరిచేసి, పనిని యథాస్థితికి తేవాలి. తేలేని పక్షంలో ఆ గుత్తేదారు ఇకమీదట ఏ ఊళ్ళోనూ పని చేయకుండా నల్లజాబితాలో చేర్చాలి. రోడ్ల ఒప్పందానికీ, జువ్వల ఒప్పందానికీ ఒకటే అచ్చుకాగితం వాడారు. మస్తాన్‌బీ దానిమీద వేలిముద్ర వేసింది.

"రెండేళ్ళు పైన నిలబెట్టమంటారా అమ్మా?" అంది మస్తాన్‌బీ.

"నేనేమీ అనడం లేదమ్మా. నిబంధన అంటోంది."

కమిషనర్‌గారు జాలిపడి మధ్యేమార్గం వెతికారు. ఫొటో సంగతి అలా ఉంచితే, పువ్వు పూయడం కళ్ళారా చూసిన సాక్షి ఉంటే నివేదిక మరోలా రాయవచ్చన్నారు. ఊరు ఊరంతా చూసింది కదా అన్నాడు ఇంజనీరు. ప్రజలు లబ్ధిదారులనీ, లబ్ధిదారుల సాక్ష్యం చెల్లదనీ హైమవతిగారు గుర్తుచేసింది. అధికారికంగా అక్కడ ఉన్నది భావనారాయణ ఒక్కడే.

"నువ్వు చూశావు కదా?" అన్నారు కమిషనర్‌గారు.

భావనారాయణ అబద్ధమాడే మనిషి కాదు. దానికి కారణం నీతి కాదు, అబద్ధానికి కావలసిన చురుకు లేకపోవడం. చూడలేదని చెప్పాడు. కెమెరాలో ఒక అద్దం ఉంటుంది. మనం కంతలోంచి చూసేది ఆ అద్దంలోదే. షట్టరు తెరుచుకున్నంతసేపూ ఆ అద్దం పైకి లేచి ఉంటుంది. కంతలో చీకటి తప్ప ఏమీ కనపడదు. పువ్వు విచ్చుకుని రాలేదాకా షట్టరు తెరిచే ఉంటుంది కాబట్టి అంతసేపూ అతనికి చీకటే. అద్దం కిందికి దిగేసరికి పైన ఏమీ ఉండదు.



"అయితే ప్రత్యక్ష సాక్షి కూడా లేరన్నమాట," అంది హైమవతిగారు. ఆమె గొంతులో కోపం లేదు. లెక్క సరిపోయినవాళ్ళ శాంతం ఉంది.

మెట్లు దిగుతుంటే మస్తాన్‌బీ అతన్ని ఆపింది. తనమీదికి వచ్చిన ముప్పు సంగతి ఆమె ఎత్తలేదు.

"నిజవేనా ఫొటో బాబూ? ఇన్నేళ్ళల్లో ఒక్కటి కూడా చూళ్ళేదా?"

తర్వాత ఫొటోల్లో చూస్తానని అతను చెప్పాడు.

"అది తిన్న విస్తరి చూడ్డం బాబూ," అందామె, ఒంట్లో బాగాలేనివాణ్ణి చూసినట్టు చూస్తూ.

ఆ మాట అతని వెంట మేడమీది గదిదాకా వచ్చింది. చూడాలనుకుంటే చూడలేడా? కాలు నిలవని స్టాండు కింద ఒక ఇటుక పెడితే చాలు, నుదురు ఆనించే పని లేదు. ఇటుక సంగతి అతనికి ఎప్పట్నుంచో తెలుసు. చిన్నప్పుడు దీపావళికి మంచం కిందికి దూరి కళ్ళు మూసుకునేవాడు. పేలుడుకి భయమని అందరూ అనుకునేవారు. అది కాదు. వెలుగు పోయాక వచ్చే చీకటి మామూలు చీకటిలా ఉండదు. ఏదో ఇచ్చి లాక్కున్నట్టుంటుంది. అసలు వెలుగే చూడనివాడికి ఆ చీకటి ఉండదు. మొదటి ఫొటోనుంచి తిన్నగా మూడో ఫొటోలోకి నడిచిపోవచ్చు. అతను బతుకంతా అలాగే నడిచాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు హైమవతిగారు చెప్పింది.

కమిటీ చర్చలు కొన్ని వారాలు నడిచాక కమిషనర్‌గారికి ఒక ఆలోచన తట్టింది. మూడో ఫొటోలో పని కనపడాలని నిబంధన చెబుతోందే కాని, ఏ పనో చెప్పడం లేదు. మొదటి జువ్వ తాలూకు మూడో ఫొటో తీసే వేళకి రెండో జువ్వ పూస్తూ ఉంటే సరి. రెండోదానికి మూడోది. ఇలా ఒకదాని మూడో ఫొటోలో మరొకటి నిలబడుతూ పోతుంది. హైమవతిగారు చాలాసేపు ఆలోచించి, దీనికి తనకు అభ్యంతరం లేదంది. మస్తాన్‌బీ సొంత ఖర్చుతో పని మళ్ళీ చేయాలని ఆదేశం వెళ్ళింది. అలా చేసి అన్ని ఫొటోలూ నెగ్గితే నల్లజాబితా ఉండదు.

ఆమె అప్పుచేసి జువ్వలు కట్టింది. తాను ఎంతోకాలంగా చేయాలనుకుంటున్నదాన్ని కూడా వాటిలో చేర్చింది. ఆ సాయంత్రం ఏటి ఒడ్డున ఇనప గొట్టాలు ఇసకలో పాతుతూ, చివరి గొట్టంలో నిలబెట్టిన జువ్వని భావనారాయణకి చూపించింది. ఎరుపు ఎవరైనా తేగలరనీ, పచ్చా తేగలరనీ, గోరింట రంగు మాత్రం తన మామకీ, మొగుడికీ కూడా దొరకలేదనీ చెప్పింది. పెట్టుకున్న రాత్రి చేతులు కడిగితే నారింజగా ఉండి, తెల్లారేసరికి ముదురుతుందే, ఆ రంగు. పైన విచ్చుకున్నప్పుడు లేతగా ఉండి, రాలేకొద్దీ పండుతుందట. మందు పాళ్ళు ఒక్కసారే కుదిరాయట. ఒక్కదానికే సరిపోయిందట.

"బాగుండేదాన్ని ఆఖర్ని పెట్టడం మా వాడిక బాబూ. దీన్నైనా చూడండి."

అతను స్టాండు కాళ్ళు ఇసకలోకి దించాడు.

చీకటి పడింది. జనం వచ్చారు. ఒక జువ్వ రాలేలోగా మరొకటి లేచింది. భావనారాయణ నుదురు ఆనించి చీకటిని ఫొటోలు తీస్తూపోయాడు. చివరి జువ్వ మిగిలింది. మస్తాన్‌బీ ఊదొత్తి పట్టుకుని వంగింది.

"ఆగమ్మా," అంది హైమవతిగారు. "దీని మూడో ఫొటో ఎలా?"

ఇంకొక జువ్వ తెప్పిద్దామన్నాడు ఇంజనీరు. అప్పుడు అది ఆఖరిదవుతుందన్నారు కమిషనర్‌గారు. ఎన్ని తెప్పించినా ఒకటి ఆఖరిది అవుతుందన్న సత్యం ఆ ఇసకలో నిలబడి అధికారులందరూ ఒక్కసారిగా గ్రహించారు. అటువంటి సత్యాలు మనిషిని కాసేపు తత్వంలోకి నెడతాయి. కమిషనర్‌గారు ముందుగా తేరుకుని ఉత్తర్వు చెప్పారు.

"ఆఖరిది కాల్చవద్దు."

జనం కొంతసేపు చూశారు. ఆపైన చాపలు దులుపుకుని వెళ్ళిపోయారు. మస్తాన్‌బీ చేతిలో ఊదొత్తి వేళ్ళదాకా కాలి ఆరిపోయింది.

మర్నాడు ఆ జువ్వని పురపాలక సంఘం శాశ్వత ఆస్తుల్లో చేర్చారు. కుర్చీలకీ, బీరువాలకీ వేసినట్టే దానికీ తెల్లరంగుతో ఒక సంఖ్య వేశారు. విరిగిన చెత్తబండ్లూ, ఆరిపోయిన ట్యూబులైట్లూ ఉండే స్టోరుగదిలో పెట్టి తాళం వేశారు. అది యథాతథంగా ఉన్నట్టు నెలనెలా ఫొటో తీసి పంపే బాధ్యత భావనారాయణకి అప్పజెప్పారు. ఆ ఫొటోలన్నీ ఒకేలా ఉండేవి. హైమవతిగారు వాటిని వరసగా పేర్చుకుని సంతోషించింది. మొత్తం బాణసంచా పనిలో ఏ అభ్యంతరమూ లేనిది అదొక్కటే అని వార్షిక నివేదికలో రాసింది.

ఆ వాక్యాన్ని దక్షిణామూర్తిగారు చాలా లోతుగా చదివారు. కాల్చినవాటన్నిటికీ అభ్యంతరాలు. కాల్చనిదానికి లేదు. ఆ ఏడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా సరిగ్గా ఇలాంటి ఇబ్బందే వచ్చింది. మొదటి ఫొటోలో ఖాళీ కంచాలు, రెండోదానిలో అన్నం, మూడోదానిలో మళ్ళీ ఖాళీ కంచాలు. అన్నం ఏమైందని ప్రధానోపాధ్యాయినికి మెమో వెళితే, పిల్లలు తిన్నారని ఆవిడ జవాబిచ్చింది. నష్టానికి కారకులెవరో తేలినందుకు సంతోషిస్తూ, పునరావృతం కాకుండా చూసుకోమని ఆఫీసు ఆదేశించింది. ఇప్పుడు అక్కడ ఫొటో కోసం ఒక కంచం అలాగే ఉంచుతున్నారు. ఆ కంచం వంతు ఎవరిదన్నది పిల్లలు రోజూ చిట్టీలు వేసుకుని తేల్చుకుంటారట.

కాబట్టి వచ్చే పట్టణ దినోత్సవానికి విధానం తేలికగానే ఖరారైంది. బాణసంచా ఉంటుంది. కాల్చడం ఉండదు. జువ్వల్నీ, చిచ్చుబుడ్లనీ, మతాబుల్నీ బల్లలమీద అందంగా అమర్చి, మంచి దీపాల వెలుగులో ప్రజలకి చూపిస్తారు. పొగ లేదు, చప్పుడు లేదు, ప్రమాదం లేదు, మూడు ఫొటోల్లోనూ ఆస్తి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇంజనీరు ఇంకో అడుగు వేశాడు. వెలిగించనివాటిలో మందు దేనికి? ఉత్త కాగితపు గుల్లలకి రంగులు పూసి సరఫరా చేస్తే చాలని మస్తాన్‌బీకి కబురు వెళ్ళింది. నల్లజాబితాలో ఆమె పేరు చేర్చలేదు. పైగా ఉత్తమ గుత్తేదారుగా శాలువా కప్పుతామన్నారు.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం భావనారాయణ నెలవారీ ఫొటోకి స్టోరుగది తీస్తుంటే మస్తాన్‌బీ వచ్చింది. గుల్లలకి పూయడానికి రంగు డబ్బాలు తీసుకెళ్ళే పనిమీద వచ్చానంది. లోపలికి వచ్చి తన జువ్వని చేత్తో తట్టి, తల దగ్గర వేలు ఆనించి, ఆ వేలు వాసన చూసుకుంది.

గోడలు చెమ్మగిల్లుతున్నాయి. ఆమె ఏం చెప్పబోతోందో అతనికి తెలిసినట్టే ఉంది. ఈ ఏటికి ఇంకా బతికే ఉందనీ, ఇంకో వానాకాలం ఈ గదిలో గడిపితే నిమ్మెక్కి మందు చచ్చిపోతుందనీ చెప్పింది. మళ్ళీ కట్టలేదా అని అడిగాడు. మందు పని వదిలేశాననీ, పాకలో ఇప్పుడు బంకా కాగితాలూ తప్ప ఏమీ లేవనీ, కూతుళ్ళు కూడా ఇదే హాయిగా ఉందంటున్నారనీ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె తన వేళ్ళ చివర్లు చూసుకుంది. పసుపు పోయింది. ఇప్పుడవి మామూలు వేళ్ళే.

"ఒక్కసారి పైకి పంపాలి బాబూ. ఎవరో ఒకరు చూడాలి. లేపోతే నేను కట్టినట్టా, కట్టనట్టా?"

నిబంధన ఒప్పుకోదని అతను అన్నాడు. ఆ మాట తన నోట్లో ఇంజనీరు గొంతులా వినిపించింది.

"ఆయ్. మీరు చెయ్యాలని కాదులెండి," అంది ఆమె. "ప్రదర్శన నాడు దీన్ని బల్ల మీద పడుకోబెట్టకుండా గొట్టంలో నిలబెట్టమని చెప్పండి. అందంగా ఉంటదని చెప్పండి. అంతే."

ఆమె వెళ్ళాక అతను ఫొటో తీశాడు. మసక వెలుగులో షట్టరు ఎక్కువసేపు తెరవాల్సి వచ్చింది. కంతలో అద్దం లేచింది. ఆ చీకట్లో మొదటిసారి అతనికి ఇరుకుగా అనిపించింది. మంచం కింద మనిషి పెరిగిపోయి, కాళ్ళు బయటికి వచ్చినట్టు. నిలబెట్టే సంగతి మాత్రం మర్నాడు ఇంజనీరుతో చెప్పాడు. నిలువు ప్రదర్శన ఆకర్షణీయంగా ఉంటుందని ఇంజనీరు అది తన ఆలోచనగా పైకి పంపాడు.

పట్టణ దినోత్సవం సాయంత్రం ఏటి ఒడ్డు పట్టపగల్లా వెలిగిపోయింది. ఎర్ర తివాచీ, బల్లలు, బల్లలమీద తెల్లగుడ్డలు, వాటిమీద రంగురంగుల గుల్లలు. ఒక్కొక్కదాని ముందు పేరూ, వెలిగిస్తే అది ఏమి చేసి ఉండేదో తెలిపే చీటీ. "ఈ చిచ్చుబుడ్డి మనిషి ఎత్తున వెండిపూలు చిమ్మును." జనం తాడు బయట వరసకట్టి చీటీలు చదువుకుంటూ నడిచారు. చివర, బల్లలకి దూరంగా, నీటి అంచున ఇసకలో గొట్టం పాతి గోరింట జువ్వని నిలబెట్టారు. దాని ముందు చీటీలో రంగు సంగతి లేదు. శాశ్వత ఆస్తి సంఖ్య మాత్రం ఉంది. ఆ గట్టుమీద ప్రాణమున్న జువ్వ అదొక్కటే. దాని పక్కన తాడు అవతల మస్తాన్‌బీ నిలబడి ఉంది.

"ఎప్పుడు కాలుస్తారండీ?" అని ఒక ముసలాయన కాపలా కానిస్టేబుల్ని అడిగాడు.

"ఇదేనండి కాల్చడం," అన్నాడు కానిస్టేబులు.

"ఓహో," అన్నాడు ముసలాయన. పక్కావిడతో, "మనకే తెలీలేదే. మొదలైపోయిందంట," అన్నాడు.

వేదికమీద ముఖ్య అతిథి వచ్చాడు. జిల్లా కేంద్రం నుంచి దిగిన పెద్ద అధికారి. ఆ ఆవరణలో అగ్గిపెట్టె నిషేధం. బీడీలు కూడా గేటు దగ్గరే తీసి పెట్టేశారు. అయితే సభ అన్నాక జ్యోతి ప్రజ్వలన ఉండితీరాలి. నూనె కాలిపోయి మూడో ఫొటోలో దీపం కొండెక్కితే ఎలా అని హైమవతిగారు ముందే అడిగింది. జ్యోతి ప్రజ్వలన పనుల కిందికి రాదనీ, ప్రోటోకాల్ కిందికి వస్తుందనీ కమిషనర్‌గారు ధైర్యంగా తేల్చారు. అందువల్ల గట్టుపేట పురపాలక సంఘం పరిధిలో ఆ సాయంత్రం నిప్పు ఉన్నది ఒక్క కొవ్వొత్తి మీదే.

కొవ్వొత్తి ముఖ్య అతిథి నుంచి కమిషనర్‌గారికీ, ఆయన నుంచి ఇంజనీరుకీ, ఆయన నుంచి హైమవతిగారికీ చేతులు మారింది. ఒక్కొక్కరు దాన్ని వత్తి దగ్గర పెట్టి, వత్తిని కాక కెమెరాని చూశారు. ఏటిగాలికి దీపం రెండుసార్లు ఆరింది, రెండుసార్లూ భావనారాయణ మళ్ళీ ఫొటో తీశాడు. ఆపైన, ముందుగా ముఖ్య అతిథికి కప్పడానికి శాలువా తెచ్చారు. కొవ్వొత్తి మళ్ళీ ముఖ్య అతిథి చేతిలోకి వచ్చింది. చేతిలో కొవ్వొత్తితో శాలువా కప్పించుకోవడం కుదరదు. ఆయన చుట్టూ చూసి, దగ్గరున్న మనిషికి దాన్ని అందించాడు.

"ఇది కాస్త పట్టుకోవయ్యా."

భావనారాయణ పట్టుకున్నాడు. కుడిచేతిలో కెమెరా, ఎడమచేతిలో కొవ్వొత్తి. ఎదురుగా శాలువా తాలూకు రెండు కొసలు పట్టుకుని కమిషనర్‌గారూ, ఇంజనీరూ, నడుమ ముఖ్య అతిథి, పక్కన హైమవతిగారు, అందరూ తనవైపే చూస్తూ నవ్వు పెట్టి నిలబడ్డారు. ఫొటో పడేదాకా ఆ నవ్వు దించకూడదు. పడేదాకా శాలువా కప్పినట్టు కాదు. పడేదాకా ఎవరూ కదలరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన చేతిలో ఇంత అధికారం ఉందని అతను ఎన్నడూ గమనించలేదు.

మైనం వేడిగా అతని వేలిమీద పడింది. ముందటి చీకటీ తర్వాతి చీకటీ ఒకటే అయినప్పుడు... ఆ ఆలోచన వచ్చింది, సగంలో ఆగింది. ఎవరు చెప్పాలన్నది ప్రశ్న కాదు. చెప్పడానికి ముందు చేయాల్సింది ఒకటుంది.

అతను కెమెరాని ఖాళీ కుర్చీలో పెట్టాడు. వేదిక దిగాడు. బల్లల పక్కగా, చీటీల పక్కగా నడిచాడు. వెనక నుంచి కమిషనర్‌గారి గొంతు వినపడింది. పెదవులు కదలకుండా, నవ్వు చెడకుండా ఆయన "ఫొటో, ఫొటో" అంటున్నారు. కానిస్టేబులు అతని చేతిలో కొవ్వొత్తిని చూసి, అది ప్రోటోకాల్ తాలూకుదని గుర్తుపట్టి, పక్కకి తప్పుకున్నాడు. మస్తాన్‌బీ తాడు పైకెత్తి పట్టుకుంది. అతను దాని కిందుగా వంగి అవతలికి వెళ్ళాడు.

ఇసకలో మోకాలు ఆనించి, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, కొవ్వొత్తిని జువ్వ వత్తికి తాకించాడు. అంటుకోలేదు. వత్తి నల్లబడింది, పొగ వచ్చింది, నిమ్ము వాసన వచ్చింది. చెయ్యి తీయలేదు. మైనం మణికట్టుదాకా కారింది. పొగలో ఎక్కడో ఒక ఎర్రటి చుక్క కనిపించి, పాకి, చిటచిటమంది.

"వెనక్కి రండి బాబూ," అంది మస్తాన్‌బీ.

అతను లేచి వెనక్కి వచ్చాడు. గొట్టం ఒక్కసారి ఊగి, ఖాళీ అయింది. అలవాటుకొద్దీ అతని కనురెప్పలు మూతపడబోయాయి. వాటిని ఆపి, తల పైకెత్తాడు.